లూథరన్ కాపరి రచనలు: విశ్వాసం, నిత్య జీవితం

పాఠ్యభాగ నిర్మాణక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 నేపథ్యం: మఠం, లోకం
9.3 'పిలుపు' అనే భావన
9.4 కాపరి రచనలు: నాలుగు సందర్భాలు
  9.4.1 ఇల్లు, పసిపిల్లలు, బడి
  9.4.2 ప్లేగు: ఉండాలా, వెళ్లాలా?
  9.4.3 చిన్న ప్రశ్నోత్తరి
  9.4.4 క్షురకుడి ప్రార్థన
9.5 పరిమితులు
9.6 హాలే నుంచి గుంటూరు వరకు
9.7 సారాంశం
9.8 ముఖ్య పదాలు
9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• మధ్యయుగ ఐరోపాలో పవిత్రమైన జీవితం అంటే ఏమిటని భావించారో చెప్పగలుగుతారు.
• మార్టిన్ లూథర్ రూపొందించిన 'పిలుపు' భావనను వివరించగలుగుతారు.
• ప్లేగు, ప్రార్థన, కుటుంబం, విద్య వంటి విషయాలపై ఆయన రాసిన కాపరి రచనల ప్రాముఖ్యాన్ని గుర్తించగలుగుతారు.
• ఈ ఆలోచనకు ఉన్న సామాజిక పరిమితులను విమర్శనాత్మకంగా చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

క్రితం పాఠ్యభాగంలో మత సంస్కరణోద్యమానికి దారితీసిన కారణాలను, 1517 నాటి పాప పరిహార పత్రాల వివాదాన్ని, 1521 నాటి వర్మ్స్ సభను గురించి తెలుసుకున్నారు. ఆ ఘట్టాలలో మార్టిన్ లూథర్ (1483–1546) పోప్‌నూ చక్రవర్తినీ ఎదిరించిన వ్యక్తిగా మనకు కనిపిస్తాడు. అయితే ఆయన జీవితంలో ఎక్కువ కాలం సభలలో గడవలేదు. విటెన్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో విద్యార్థులకు పాఠాలు చెబుతూ, పట్టణ చర్చిలో ప్రసంగాలు చేస్తూ, తెలిసినవారూ తెలియనివారూ అడిగిన ప్రశ్నలకు జవాబులు రాస్తూ గడిచింది.

ఆ ప్రశ్నలు సామాన్యమైనవి. ప్లేగు వస్తే ఊరు విడిచి వెళ్లడం తప్పా? ప్రార్థనకు కూర్చుంటే మనసు నిలవడం లేదు, ఏం చేయాలి? కొడుకును బడికి పంపాలా, పనిలో పెట్టాలా? సైనికుడిగా బతికేవాడికి మోక్షం ఉందా? క్రైస్తవ సంఘాలలో పాస్టరును 'కాపరి' అని పిలుస్తారు. మందను కాచినట్లు సంఘాన్ని కాచేవాడని దాని అర్థం. ఒక కాపరిగా లూథర్ ఇలాంటి ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలనే ఈ పాఠ్యభాగంలో 'కాపరి రచనలు' అంటున్నాం.

చరిత్ర విద్యార్థులకు ఇవి ఎందుకు ముఖ్యం? ఒక మతసిద్ధాంతం సామాన్యుల ఇళ్లలోకి, పనిలోకి ఎలా ప్రవేశించిందో ఈ రచనలు చూపుతాయి. పవిత్రమైన పని ఏది అన్న ప్రశ్నకు ఐరోపా అప్పటివరకు ఇస్తూ వచ్చిన సమాధానాన్ని ఇవి మార్చాయి. వీటి వల్ల పనికి గౌరవం పెరిగింది. కానీ పనిచేసేవాడి సామాజిక స్థానం మారలేదు. ఈ రెండు విషయాలనూ కలిపి చూసినప్పుడే ఈ ఆలోచన బలమూ బలహీనతా తెలుస్తాయి.

9.2 నేపథ్యం: మఠం, లోకం

మధ్యయుగ ఐరోపా తన సమాజాన్ని మూడు వర్గాలుగా ఊహించుకుంది. ప్రార్థించేవారు, పోరాడేవారు, శ్రమించేవారు. వీరిలో ప్రార్థించేవారిది ఉన్నత స్థానం. 'పిలుపు' అనే మాట కూడా ముఖ్యంగా వారికే చెందింది. దేవుడు పిలిచాడంటే మఠంలో చేరమని లేదా గురువు కమ్మని పిలిచాడనే అర్థం. మఠంలో చేరినవారు దారిద్ర్యం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు ప్రమాణాలు చేసేవారు. పెళ్లి చేసుకుని, పొలం దున్ని, పిల్లలను పెంచేవారు కూడా క్రైస్తవులే. కానీ వారిది రెండో మెట్టు. గృహస్థాశ్రమం, సన్యాసాశ్రమం అన్న మాటలు తెలిసిన మనకు ఈ తేడా అర్థం చేసుకోవడం కష్టం కాదు. అయితే మన సంప్రదాయంలో ఒకే మనిషి జీవితంలో ఇవి వరుసగా వచ్చే దశలుగా కూడా చెప్పబడ్డాయి. ఐరోపాలో ఇవి చాలావరకు రెండు వేరు వేరు జీవితాలు.

లూథర్ మొదటి జీవితాన్నే ఎంచుకున్నాడు. ఆయన తండ్రి హాన్స్ రాగి గనుల వ్యాపారంలో పైకి వచ్చినవాడు. కొడుకు న్యాయశాస్త్రం చదవాలని ఆశించాడు. లూథర్ ఆ చదువు మానుకొని 1505లో ఎర్ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరాడు. ఉపవాసాలు చేశాడు, జాగరణలు చేశాడు, పాపాలను పదే పదే ఒప్పుకున్నాడు. అయినా మనశ్శాంతి దొరకలేదు. తరువాత విటెన్‌బర్గ్‌లో బైబిలు బోధిస్తున్న కాలంలో, ముఖ్యంగా పౌలు రోమీయులకు రాసిన పత్రికను చదువుతూ ఒక నిర్ణయానికి వచ్చాడు. దేవుని ఎదుట మనిషి నీతిమంతుడయ్యేది తాను చేసే పుణ్యకార్యాల వల్ల కాదు. దేవుని కృప వల్ల, విశ్వాసం ద్వారా మాత్రమే.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. మంచి పనుల వల్ల మోక్షం రాదంటే, మంచి పనులు ఎందుకు చేయాలి? 1520లో వెలువడిన 'క్రైస్తవుని స్వేచ్ఛ' అనే గ్రంథంలో లూథర్ దీనికి జవాబు చెప్పాడు. దేవుడికి మన మంచి పనులతో అవసరం లేదు, మన పొరుగువాడికి ఉంది. మోక్షం సంపాదించుకోవాలనే భయం నుంచి విముక్తుడైన మనిషి తన శ్రమను పొరుగువాడి మేలు కోసం వెచ్చించగలుగుతాడు. లూథర్ కాపరి రచనలన్నింటికీ ఈ ఆలోచనే పునాది.

9.3 'పిలుపు' అనే భావన

1520లోనే రాసిన 'జర్మన్ ప్రభువర్గానికి విజ్ఞప్తి'లో లూథర్ మరో అడుగు వేశాడు. బాప్తిస్మం పొందిన ప్రతి క్రైస్తవుడూ దేవుని ఎదుట యాజకుడేనని వాదించాడు. చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు ఎవరి పని వారు చేస్తారు. కానీ ఆధ్యాత్మిక హోదాలో బిషప్పుకూ వారికీ తేడా లేదు. పాస్టరు అనేది ఒక బాధ్యత మాత్రమే, ఉన్నతమైన జాతి కాదు. దీన్నే 'విశ్వాసులందరి యాజకత్వం' అంటారు.

దీని ఫలితంగా 'పిలుపు' అన్న మాట అర్థం విస్తరించింది. జర్మన్ భాషలో ఈ మాట 'బెరూఫ్'. లూథర్ బైబిలు అనువాదంలోనూ ఇతర రచనల్లోనూ ఈ మాట రోజువారీ వృత్తికి కూడా వర్తించింది. నేడు జర్మన్ భాషలో 'బెరూఫ్' అంటే ఉద్యోగం, వృత్తి అనే అర్థం. 1904–05లో వెలువడిన 'ప్రొటెస్టెంట్ నీతి, పెట్టుబడిదారీ స్ఫూర్తి' అనే రచనలో మాక్స్ వేబర్ ఈ మాట చరిత్రను పరిశీలించాడు. అయితే ఆర్థిక విషయాలలో లూథర్ పాతకాలపు దృష్టినే కొనసాగించాడని, పెట్టుబడిదారీ స్ఫూర్తికి కాల్విన్ అనుచరుల సంప్రదాయమే ఎక్కువ దగ్గరని వేబర్ భావించాడు. ఈ తేడాను విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఈ బోధను లూథర్ తన జీవితంలోనూ ఆచరించాడు. 1523లో నింబ్‌షెన్ మఠం నుంచి కొందరు సన్యాసినులు తప్పించుకుని వచ్చారు. వారిలో ఒకరైన కాథరీనా ఫాన్ బోరాను ఆయన 1525 జూన్‌లో వివాహం చేసుకున్నాడు. ఆయన సన్యాసిగా ఉన్న విటెన్‌బర్గ్ మఠమే వారి ఇల్లయింది. పశువులను సాకడం, బీరు కాయించడం, తోట పని, ఇంట్లో ఉండి చదువుకునే విద్యార్థుల భోజనాలు, ఇవన్నీ కాథరీనా చూసుకునేది. మఠం గృహంగా మారిన ఈ సంఘటనే ఒక యుగం మార్పుకు గుర్తు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
అ) మధ్యయుగంలో 'పిలుపు' అనే మాట ఎవరికి వర్తించేది?
ఆ) మంచి పనులు ఎవరికి అవసరమని లూథర్ చెప్పాడు?

9.4 కాపరి రచనలు: నాలుగు సందర్భాలు

9.4.1 ఇల్లు, పసిపిల్లలు, బడి

1522లో వివాహ జీవితంపై రాసిన ఒక పుస్తకంలో లూథర్ పసిబిడ్డ ఉన్న ఇంటిని వర్ణించాడు. రాత్రి నిద్ర ఉండదు, గుడ్డలు ఉతకాలి, ఏడుపు మాన్పాలి. ఇవన్నీ నీచమైన పనులని లోకం నవ్వుతుంది. తండ్రి కూడా ఈ పనులు విశ్వాసంతో చేస్తే దేవుడు, దేవదూతలు సంతోషిస్తారని లూథర్ అంటాడు. ఇది రాసేనాటికి ఆయనకు పెళ్లి కాలేదు. తరువాత ఆరుగురు పిల్లలకు తండ్రి అయ్యాడు. వారిలో ఎలిజబెత్ ఏడాది నిండకుండానే 1528లో, మాగ్దలేనా 13 ఏళ్ల వయసులో 1542లో మరణించారు. పిల్లలను పోగొట్టుకున్నవారికి ఆయన రాసిన ఓదార్పు లేఖలను ఈ అనుభవం దృష్ట్యా చదవాలి.

బడి విషయంలో ఆయన రెండు ముఖ్యమైన రచనలు చేశాడు. 1524లో జర్మన్ నగర పాలక మండళ్లకు రాస్తూ, ప్రజల సొమ్ముతో బడులు పెట్టమని కోరాడు. పిల్లలు ఇంటి పనికి కావాలి కదా అన్న అభ్యంతరానికి ఆయన జవాబు ఆచరణీయంగా ఉంటుంది. మగపిల్లలు రోజుకు ఒకటి రెండు గంటలు బడిలో ఉండి, మిగతా సమయంలో ఇంట్లో పని నేర్చుకోవచ్చు. ఆడపిల్లలు కూడా రోజుకు ఒక గంట బడికి వెళ్లవచ్చు. 1530లో పిల్లలను బడి మాన్పించవద్దని తల్లిదండ్రులను హెచ్చరిస్తూ మరో ప్రసంగం ప్రచురించాడు. పని చేసుకుంటూ చదువుకునే మీవంటి విద్యార్థులకు ఈ వాదన కొత్తగా అనిపించదు. ఆ రోజుల్లో అది కొత్తదే.

9.4.2 ప్లేగు: ఉండాలా, వెళ్లాలా?

1527 ఆగస్టులో విటెన్‌బర్గ్‌లో ప్లేగు వ్యాపించింది. విశ్వవిద్యాలయాన్ని యేనా పట్టణానికి తరలించారు. లూథర్‌ను కూడా వెళ్లమని సాక్సనీ పాలకుడు ఆదేశించాడు. కాథరీనా అప్పుడు గర్భవతి. అయినా లూథర్ సహచర కాపరి బూగెన్‌హాగెన్‌తో కలిసి ఊళ్లోనే ఉండిపోయాడు. ఆయన ఇల్లే ఒక ఆసుపత్రిగా మారింది.

ప్రాణాంతకమైన వ్యాధి నుంచి క్రైస్తవుడు పారిపోవచ్చా అని బ్రెస్లావ్ పట్టణం కాపరి యోహాన్ హెస్ అప్పటికే ఆయనను అడిగి ఉన్నాడు. ఈ పరిస్థితుల్లో లూథర్ రాసిన జవాబు పుస్తకంగా వెలువడింది. తాను ఉండిపోయాడు కాబట్టి అందరూ ఉండాలని ఆయన అనలేదు. మనిషి బాధ్యతను బట్టి సమాధానం మారుతుందన్నాడు. కాపరులు, పాలనాధికారులు, వైద్యులు, ఇతరుల సేవకు కట్టుబడినవారు ఊరు విడవకూడదు. తల్లిదండ్రులు పిల్లలను, యజమానులు సేవకులను వదిలి వెళ్లకూడదు. రోగులను చూసుకోవడానికి తగినంత మంది ఉన్నప్పుడు మిగిలినవారు వెళ్లిపోవడం తప్పు కాదు. ప్రాణం కాపాడుకోవాలనుకోవడం సహజమే.

ఈ రచనలో మరో వైపు కూడా ఉంది. దేవుడే కాపాడతాడని మందులు మానడం, జాగ్రత్తలు పాటించకపోవడం విశ్వాసం కాదని, అది దేవుణ్ణి పరీక్షించడమని లూథర్ మందలించాడు. మందు వాడాలి, ఇంటికి పొగ వేయాలి, అవసరం లేని చోటికి వెళ్లకూడదు. వ్యాధి ఉందని తెలిసి దాన్ని ఇతరులకు అంటించేవాడు హంతకుడితో సమానం. అయితే పొరుగువాడికి తన అవసరం ఉంటే మాత్రం భయపడకుండా వెళ్లాలి. పట్టణాలు ఆసుపత్రులను నిర్వహించాలని, శ్మశానాలు ఊరి వెలుపల ఉండాలని కూడా ఆయన సూచించాడు. కరోనా కాలాన్ని చూసిన మనకు ఈ చర్చ దూరంగా అనిపించదు.

9.4.3 చిన్న ప్రశ్నోత్తరి

1528లో సాక్సనీ గ్రామ సంఘాల పరిశీలన జరిగింది. సామాన్యులకు క్రైస్తవ బోధలో మొదటి పాఠాలు కూడా తెలియవని, చాలామంది కాపరులకు బోధించే శక్తి లేదని లూథర్ గ్రహించాడు. 1529లో ఆయన రెండు ప్రశ్నోత్తరులు రాశాడు. పెద్దది కాపరులకు, చిన్నది సామాన్య కుటుంబాలకు. చిన్న ప్రశ్నోత్తరి మొదట గోడకు అంటించుకునే కాగితాలుగా వచ్చి, ఆ తరువాత పుస్తకమైంది.

పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, పాపాల ఒప్పుకోలు, ప్రభురాత్రి భోజనం ఇందులో విషయాలు. ఇంటి పెద్ద తన ఇంటివారికి దీన్ని నేర్పాలి. అంటే ఇల్లే మొదటి బడి, తల్లిదండ్రులే మొదటి ఉపాధ్యాయులు. ఉదయం లేవగానే, రాత్రి పడుకునే ముందు, భోజనానికి ముందు, తరువాత చేయాల్సిన చిన్న ప్రార్థనలు ఇందులో ఉన్నాయి. ఉదయ ప్రార్థన ముగిశాక సంతోషంగా పనికి వెళ్లమని సూచన ఉంటుంది. ఇక్కడ ప్రార్థన పనిని ఆపదు, పని ప్రారంభించడానికి తోడ్పడుతుంది.

అనుదిన ఆహారం అన్న మాటకు లూథర్ ఇచ్చిన వివరణ గమనించదగినది. ఆహారం అంటే తిండి మాత్రమే కాదు. బట్టలు, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి జీవిత భాగస్వామి, మంచి ప్రభుత్వం, అనుకూలమైన వాతావరణం, శాంతి, ఆరోగ్యం, నమ్మకమైన స్నేహితులు, మంచి ఇరుగుపొరుగు, ఇవన్నీ అందులోకి వస్తాయి. రైతుకు వాన ఎంత అవసరమో న్యాయమైన పాలన కూడా అంతే అవసరమని దీని భావం.

9.4.4 క్షురకుడి ప్రార్థన

పీటర్ బెస్కెన్‌డార్ఫ్ విటెన్‌బర్గ్‌లో క్షురకుడు, లూథర్‌కు పాత మిత్రుడు. ప్రార్థన ఎలా చేయాలో చెప్పమని ఆయన అడిగాడు. 1535 ప్రారంభంలో లూథర్ ఒక చిన్న పుస్తకం రాసి ఆయనకు అంకితమిచ్చాడు. అందులోని ఉదాహరణ పీటర్ పనిలోనిదే. మంచి క్షురకుడి దృష్టి కత్తి మీద, వెంట్రుకల మీద ఉండాలి. కబుర్లలో పడి అటూ ఇటూ చూస్తే ముక్కో గొంతో తెగుతుంది. ప్రార్థనకు కూడా అలాంటి ఏకాగ్రతే కావాలి. ఒక వేదాంత పండితుడు క్షురకుడికి పాఠం చెప్పడానికి క్షురకుడి పనినే నమూనాగా తీసుకోవడం ఇక్కడ విశేషం.

అదే సంవత్సరం ఈస్టర్ సమయంలో పీటర్ తన అల్లుడిని కత్తితో పొడిచాడు, అల్లుడు మరణించాడు. లూథర్, మరికొందరు ఆయన తరఫున వేడుకోవడంతో మరణశిక్ష తప్పి, దేశ బహిష్కరణ శిక్ష పడింది. ప్రార్థన పుస్తకం అందుకున్నంత మాత్రాన మనిషి మారిపోతాడన్న భ్రమ లూథర్‌కు లేదు. నీతిమంతుడుగా ఎంచబడినవాడు కూడా పాపిగానే మిగులుతాడని ఆయన బోధించాడు. మిత్రుడు హంతకుడైన తరువాత కూడా కాపరి ఆయనను విడిచిపెట్టలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
అ) ప్లేగు కాలంలో ఎవరు ఊరు విడవకూడదని లూథర్ రాశాడు?
ఆ) చిన్న ప్రశ్నోత్తరిలో ఇంటి పెద్ద బాధ్యత ఏమిటి?

9.5 పరిమితులు

చెప్పులు కుట్టేవాడూ యాజకుడే అన్న బోధను రైతులు విన్నారు. 1525లో రైతులు ప్రకటించిన 'పన్నెండు అంశాలు' తమ కాపరిని తామే ఎన్నుకునే హక్కును కోరాయి. క్రీస్తు అందరినీ విమోచించాడు కాబట్టి వెట్టి బానిసత్వం ఉండకూడదని వాదించాయి. లూథర్ మొదట ప్రభువుల దురాశను తీవ్రంగా నిందించాడు. కానీ తిరుగుబాటు చెలరేగాక రైతులను కఠినంగా అణచివేయమని ప్రభువులను ప్రోత్సహిస్తూ రాశాడు. వేలాదిమంది రైతులు చనిపోయారు. దేవుని ఎదుట సమానత్వం వేరు, సమాజంలో సమానత్వం వేరు అన్నది ఆయన వాదం.

ఈ విభజన చిన్న ప్రశ్నోత్తరిలోనూ కనిపిస్తుంది. దాని చివర పాలకులు, ప్రజలు, భర్తలు, భార్యలు, తల్లిదండ్రులు, పిల్లలు, యజమానులు, సేవకులు ఎవరి విధులు వారికి చెప్పే పట్టిక ఉంది. ఎవరి స్థానంలో వారు నమ్మకంగా ఉండాలన్నది దాని సారాంశం. మఠాలు మూతపడడంతో స్త్రీలకు గృహం తప్ప చదువుకు, నాయకత్వానికి ఉన్న ఒక మార్గం పోయిందని కూడా చరిత్రకారులు గుర్తుచేస్తారు. 1543లో యూదులకు వ్యతిరేకంగా ఆయన రాసిన దారుణమైన పుస్తకంలో 'పొరుగువాడు' అన్న మాటకు ఆయన గీసిన హద్దు బయటపడుతుంది. పొరుగువాడి మేలే ప్రమాణమని చెప్పిన రచయితను అదే ప్రమాణంతో కొలవడం న్యాయం.

9.6 హాలే నుంచి గుంటూరు వరకు

17వ శతాబ్దంలో లూథరన్ సంఘాలు సిద్ధాంత చర్చలలో మునిగి నిత్య జీవితాన్ని మరిచాయని కొందరు భావించారు. ఫ్రాంక్‌ఫర్ట్ కాపరి ఫిలిప్ యాకోబ్ స్పేనర్ 1675లో దీనిపై ఒక పుస్తకం ప్రచురించాడు. ఈ భక్తి ఉద్యమానికి హాలే పట్టణం కేంద్రమైంది. అక్కడ ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అనాథాశ్రమం, బడులు, ముద్రణాలయం నెలకొల్పాడు. ఆ వాతావరణం నుంచి వచ్చిన జీగెన్‌బాల్గ్, ప్లూట్షౌ 1706లో తరంగంబాడి చేరారు. తరువాత మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు నేర్చుకున్నాడు. ఆయన తెలుగులోకి అనువదించిన లూథర్ చిన్న ప్రశ్నోత్తరి 1746లో హాలేలో అచ్చయింది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలలో ఇది ఒకటి. గోడకు అంటించుకునే కాగితంగా మొదలైన పాఠం రెండు శతాబ్దాల తరువాత తెలుగు అక్షరాలలోకి వచ్చింది.

1842లో అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు చేరాడు. తరువాతి దశాబ్దాలలో ఆ ప్రాంతంలో ఈ సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. ఇక్కడ లూథర్ బోధకు అసలైన పరీక్ష ఎదురైంది. పుట్టుకతోనే పని నిర్ణయమయ్యే సమాజంలో, ఎవరి స్థానంలో వారు ఉండాలన్న బోధకు అర్థమేమిటి? ఆ బోధను మాత్రమే పట్టుకుంటే అది కులవ్యవస్థకు బలం చేకూరుస్తుంది. అయితే లూథర్ రచనల్లోనే ఉన్న బడి అనే రెండో ధార ఇక్కడ ప్రధానమైంది. మిషన్ బడుల ద్వారా దళిత కుటుంబాల పిల్లలు కొందరు ఉపాధ్యాయులు, సువార్తికులు, నర్సులు అయ్యారు. 1883లో వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లర్ కృషితో 1898లో గుంటూరులో ఆసుపత్రి ప్రారంభమైంది. 1927లో ఆంధ్ర ఇవాంజిలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. అయితే కులభేదాలు సంఘం లోపల కూడా పూర్తిగా పోలేదు.

గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేసినవారిలో మహాకవి గుర్రం జాషువా ఒకరు. 1941లో వెలువడిన ఆయన 'గబ్బిలం' కావ్యంలో నాయకుడు అరుంధతీయుడు. గుడిలో అడుగుపెట్టనివ్వని లోకంలో అతడు శివుడికి తన గోడును గబ్బిలం ద్వారా పంపుకుంటాడు. ఇది లూథరన్ రచన కాదు. కానీ చెప్పులు కుట్టేవాడి శ్రమకు గౌరవం ఉందని చెప్పడం చాలదని, ఆ మనిషికి గౌరవం దక్కాలని అడిగే గొంతు అందులో వినిపిస్తుంది. 1525లో జర్మన్ రైతులు అడిగింది కూడా అదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
అ) 'పన్నెండు అంశాల'లో రైతులు కోరిన రెండు విషయాలు రాయండి.
ఆ) చిన్న ప్రశ్నోత్తరి తెలుగులో ఎప్పుడు, ఎక్కడ అచ్చయింది?

9.7 సారాంశం

మధ్యయుగంలో పవిత్ర జీవితమంటే లోకానికి దూరంగా ఉండే జీవితం. విశ్వాసం ద్వారానే మనిషి నీతిమంతుడవుతాడన్న సిద్ధాంతం నుంచి లూథర్ మరో నిర్ణయానికి వచ్చాడు. మన పని దేవుణ్ణి మెప్పించడానికి కాదు, పొరుగువాడి మేలుకు. అందువల్ల తల్లి, తండ్రి, క్షురకుడు, వైద్యుడు, పాలకుడు చేసే పనులన్నీ 'పిలుపు' అయ్యాయి. ప్లేగు, ప్రార్థన, బడి, కుటుంబం గురించిన ఆయన రచనలు ఈ భావనను సామాన్యుల చేతికి అందించాయి. అయితే రైతుల తిరుగుబాటు సమయంలో ఈ గౌరవం సామాజిక సమానత్వంగా మారకుండా ఆయనే అడ్డుపడ్డాడు. ఆంధ్రదేశంలో ఈ సంప్రదాయం కులవ్యవస్థను ఎదుర్కొన్నప్పుడు పనికి గౌరవమా, పనిని ఎంచుకునే స్వేచ్ఛా అన్న ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. దానికి కొంత సమాధానం బడిలో దొరికింది.

9.8 ముఖ్య పదాలు

కాపరి: క్రైస్తవ సంఘానికి బోధించి, బాగోగులు చూసే పాస్టరు.
పిలుపు: దేవుడు మనిషికి అప్పగించిన బాధ్యత. లూథర్ దృష్టిలో నిత్య జీవితంలోని వృత్తి, కుటుంబ విధులు కూడా ఇందులో భాగం.
విశ్వాసులందరి యాజకత్వం: దేవుని ఎదుట క్రైస్తవులందరికీ సమాన ఆధ్యాత్మిక హోదా ఉందన్న సిద్ధాంతం.
ప్రశ్నోత్తరి: మతబోధలోని ముఖ్యాంశాలను ప్రశ్నలు, జవాబుల రూపంలో నేర్పే పుస్తకం.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లూథర్ 'పిలుపు' భావన మధ్యయుగ భావనకు ఎలా భిన్నమైనదో వివరించండి.
2. లూథర్ బోధ పనికి గౌరవం పెంచింది కానీ సమాజ నిర్మాణాన్ని మార్చలేదన్న అభిప్రాయాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్లేగుపై 1527లో లూథర్ రాసిన రచనలోని ముఖ్యాంశాలు పేర్కొనండి.
2. చిన్న ప్రశ్నోత్తరి కుటుంబ జీవితంపై చూపిన శ్రద్ధను తెలపండి.
3. గుంటూరు ప్రాంతంలో లూథరన్ సంఘం చేసిన విద్యా, వైద్య కృషిని సంగ్రహంగా రాయండి.